ఆర్ఎక్స్ 100 హాఫ్ ఇంజిన్ పని ఇంట్లోనే చేస్తున్నా, కాజీపేట (పిస్టన్ ఎందుకు పట్టేసిందో దొరికింది)

ఫాతిమానగర్_ఎర్రబండి | ఆదివారం రాత్రి 9:40

అన్నలందరికీ నమస్తే. మా బాపు బండి 1994 యమహా ఆర్ఎక్స్ 100, ఏపీ 36 నంబరు, ఎరుపు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. కిక్కు కొట్టడం కష్టమై దసరాకు తాళం నా చేతిలో పెట్టారు. అప్పటి నుంచి కాజీపేట టు వరంగల్ స్టేషన్ రోడ్డు, రోజూ డ్యూటీకి దీని మీదే.

నెల రోజులుగా పికప్ పడిపోయింది. వేడెక్కితే ఇంజిన్‌లో టకటకమని చప్పుడు. మొన్న గురువారం మడికొండ దాటాక 70లో పోతుంటే వెనక చక్రం ఉన్నట్టుండి పట్టేసింది. చేయి దానంతట అదే క్లచ్ మీద పడింది కాబట్టి బతికిపోయాను. చెట్టు కింద పావుగంట నిలబెట్టి కిక్కు కొడితే స్టార్ట్ అయితే అయింది గానీ, బండిలో ప్రాణం లేదు.

తెలిసిన మెకానిక్ ఒకాయన బండి చూడకుండానే ఫోన్‌లో "ఫుల్ ఇంజిన్" (అడుగున పిస్టన్ రాడ్‌ను తిప్పే క్రాంక్ ఇరుసుతో సహా అంతా) అన్నాడు. చెప్పిన రేటుకు మనసొప్పలేదు. హాఫ్ ఇంజిన్, అంటే పై సగం వరకే చేద్దామని ఇవాళ వాకిట్లో గోనె సంచి పరిచి నేనే విప్పాను. సైలెన్సర్, కార్బొరేటర్, ప్లగ్గు, హెడ్ నట్లు నాలుగు, ఆ తర్వాత పిస్టన్ ఆడే బ్లాక్. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తడితే బ్లాక్ కదిలింది. పిస్టన్‌కు సైలెన్సర్ వైపు నిలువు గీతలున్నాయి, గోరుకు తగులుతున్నాయి. పై రింగు గాడిలోనే అతుక్కుపోయింది. ఫొటోలు కింద పెట్టాను.

స్టాండర్డ్ సైజు పిస్టన్ కిట్ దొరుకుతోంది. అది తెచ్చి వేసేస్తే వచ్చే ఆదివారానికి రోడ్డెక్కుతుందా?

హన్మకొండ_సైలెన్సర్ | ఆదివారం రాత్రి 10:05

సొంతంగా పానా పట్టినందుకు ముందు ఒక దండం. కిట్ మాత్రం కొనకు. బ్లాక్ గోడకు గీతలు పడ్డాక కొత్త పిస్టన్ వేయడమంటే చిరిగిన చెప్పులో కొత్త సాక్సు తొడిగినట్టే. వంద కిలోమీటర్లకు మళ్లీ అదే చప్పుడు.

జమ్మికుంట_98సీసీ | ఆదివారం రాత్రి 10:11

బండి అమ్ముతారా అన్నా? కండిషన్ ఎట్లున్నా పర్వాలేదు.

నర్సంపేట_టూస్ట్రోక్ | ఆదివారం రాత్రి 10:30

బ్లాక్‌ను ముందు కొలిపించు. స్టాండర్డ్ బోరు (బ్లాక్ లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు. లేత్ షాపులో బోర్ గేజ్ ఉంటుంది, పైన, నడుమ, కింద, ఒక్కోచోట అడ్డంగా, నిలువుగా చూస్తారు. సైలెన్సర్ హోల్ దగ్గర అరుగుదల ఎక్కువ ఉంటుంది, అక్కడ చూడకుండా "బాగానే ఉంది" అంటే నమ్మకు. కొలత వచ్చాకే ఏ ఓవర్‌సైజ్ పిస్టన్ కొనాలో తేలుతుంది. పిస్టన్ కొని, దాన్ని బ్లాక్‌తో పాటే లేత్‌కు ఇవ్వాలి. పిస్టన్‌ను బట్టి బోరు కొడతారు.

ఖని_ఫిట్టర్ | ఆదివారం రాత్రి 11:15

తమ్మీ, బోరు సంగతి తర్వాత. పిస్టన్ ఎందుకు పట్టేసిందో ఎవరూ అడగడం లేదే?

నేను సింగరేణిలో 34 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి దిగినోణ్ణి. కాలిపోయిన బేరింగ్ మారుస్తాం, వారానికి మళ్లీ కాలుతుంది, అప్పుడు గుర్తొస్తుంది గ్రీజు పైపు మూసుకుపోయిందని. టూ స్ట్రోక్ పిస్టన్ ఊరికే పట్టేయదు. ఆయిల్ అందకపోవాలి, లేదంటే ఎక్కడో గాలి పీల్చి మిక్చర్ పలచబడాలి. రెండూ కాకపోతే సైలెన్సర్ మసితో మూసుకుపోయి వేడి బయటికి పోకుండా ఉండాలి. ఆ కారణం ఉన్నన్నాళ్లు నువ్వు ఎన్ని కిట్లు వేసినా అవి దానికి పలహారమే.

నా ప్రశ్న ఒక్కటే. సీటు కింద ఆయిల్ ట్యాంకులో నెలకు ఎంత టూటీ (పెట్రోలుతో కలిసి కాలే టూ స్ట్రోక్ ఆయిల్) పోస్తున్నావు?

ఫాతిమానగర్_ఎర్రబండి | సోమవారం ఉదయం 6:50

కాకా, అసలు పోయాల్సిన అవసరమే రాలేదు. దసరాకు బండి తీసుకున్నప్పుడు ట్యాంకు నిండా ఉంది, ఇప్పటికీ నిండానే ఉంది. ఈ బండి ఆయిల్ ఎంత తక్కువ తాగుతుందోనని నేను సంతోషపడ్డాను కూడా.

హన్మకొండ_సైలెన్సర్ | సోమవారం ఉదయం 7:02

అయిపోయింది. కారణం దొరికింది.

నిట్_హాస్టల్ | సోమవారం ఉదయం 7:20

అన్నా, చిన్న లెక్క. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగావనుకుందాం. లీటరుకు 40 ఇచ్చినా 25 లీటర్ల పెట్రోలు. ఆ ట్యాంకు ఆయిల్‌ను ఇంజిన్‌కు అందించే పంపు చాలా పొదుపుగా 40 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ ఇచ్చినా నెలకు 625 మిల్లీలీటర్లు పోవాలి. నీది చుక్క తగ్గలేదు. అయితే ఒక డౌటు. ఆయిల్ లేకుండా ఇంజిన్ ఇన్ని రోజులు ఎలా తిరిగింది? మొదటి రోజే పోవాలి కదా.

ఫాతిమానగర్_ఎర్రబండి | సోమవారం రాత్రి 8:30

ఆ డౌటు మా బాపు తీర్చారు. టీ తాగుతున్నారు, నేను అడిగాను, గ్లాసు కింద పెట్టకుండానే చెప్పారు: "పంపు ఎప్పుడో తీసేపిచ్చిన. నేను పెట్రోల్‌లనే కలిపి పోస్త." మరి నాకెందుకు చెప్పలేదు బాపూ అంటే, "నువ్వు అడగలే."

ఎనిమిదేళ్ల కింద ఒక మెకానిక్ "పంపును నమ్మొద్దు, బంద్ చేద్దాం" అని పైపు పీకి మూసేశాడట. ట్యాంకులోని ఆయిల్ అప్పటిదే. బాపు డబ్బాలో ఆయిల్ కలిపి పోసేవారు. బండి నాకిచ్చేటప్పుడు కూడా ఫుల్ ట్యాంకు కొట్టించి, ఆయిల్ కొంచెం చేయి జార్చే కలిపారట. నేను బంకులో దానిపైనే ఉత్త పెట్రోలు పోయించుకుంటూ పోయాను, ఉన్న ఆయిల్ పలచబడుతూ వచ్చింది. చప్పుడు మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇంకోటి. ఆయిల్ పైపు వచ్చే బొక్కలో ఒక స్క్రూ బిగించి ఉంది, దాని చుట్టూ టేపు. టేపు ఎండి పెళుసుబారి, వేలితో తాకితే స్క్రూ ఊగుతోంది.

ఖని_ఫిట్టర్ | సోమవారం రాత్రి 9:10

అంటే ఆయిల్ లేదు, పైగా గాలి కూడా లోపలికి పోతోంది. రెండు రోగాలు ఒకేసారి. నీ ఇంజిన్ గట్టిది తమ్మీ, మడికొండ దాకా వచ్చింది.

మీ బాపును గానీ ఆ మెకానిక్‌ను గానీ ఏమీ అనను. అప్పట్లో అందరూ చేసిందే. పంపు కేబుల్ సెట్ చేయరు, పంపులో చేరిన గాలి తీయరు, ఇంజిన్ పట్టేస్తే పంపుదే తప్పంటారు. పంపు పాడు కావడం నేను చూసింది తక్కువ. ట్యాంకులో ఆయిల్ పోయడం మరిచిపోయినోళ్లే ఎక్కువ.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆయిల్ అందలేదంటే పిస్టన్ ఒక్కటే కాదు, కింద కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కూడా ఎండింది. పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, రాడ్‌ను రెండు వేళ్లతో పట్టుకొని నిలువుగా లాగు, నొక్కు. పక్కలకు కొంచెం ఊగడం మామూలే. పైకీ కిందికీ మాత్రం వెంట్రుకంత కూడా ఆడొద్దు. టక్‌మని తెలిసిందా, హాఫ్ ఇంజిన్ ఆలోచన మానుకో. క్రాంక్ పోయాక పైన ఎంత పెట్టినా దండగ. అప్పుడు నీకు ఫోన్‌లో మెకానిక్ చెప్పిన ఫుల్ ఇంజినే కరెక్టు.

ఫాతిమానగర్_ఎర్రబండి | మంగళవారం రాత్రి 10:20

పది సార్లు లాగి చూశాను. నిలువుగా అస్సలు ఆడడం లేదు. వీధిలో టీవీలన్నీ ఆగాక మళ్లీ చూశాను, చప్పుడు కూడా లేదు. పక్కలకు మాత్రం కొంచెం ఊగుతోంది.

ఖని_ఫిట్టర్ | మంగళవారం రాత్రి 10:24

అదృష్టవంతుడివి. ఇక పిస్టన్ దించు. క్రాంక్‌కేసు నోట్లో గుడ్డ కుక్కడం మరువకు.

ఫాతిమానగర్_ఎర్రబండి | మంగళవారం రాత్రి 11:50

గుడ్డ కుక్కాను కాకా. కానీ రెండో వైపు, పిస్టన్ పిన్నును ఆపే చిన్న తీగ లాక్ తీసేటప్పుడు పిస్టన్‌ను తిప్పుదామని గుడ్డ కొంచెం పక్కకు జరిపాను. ముక్కు ప్లయర్ జారింది, 'టింగ్' అంది, లాక్ లేదు. గోనె సంచి దులిపాను, చొక్కా జేబు చూశాను, ఫోన్ లైటు వేసి వాకిలంతా పాకాను. లోపల పడిందంటారా?

నర్సంపేట_టూస్ట్రోక్ | మంగళవారం రాత్రి 11:56

క్రాంక్ తిప్పకు! కిక్కు మీద కాలు కూడా పెట్టకు. అది స్ప్రింగ్ స్టీలు, అయస్కాంతానికి అంటుకుంటుంది. పాత స్పీకర్ అయస్కాంతానికి సన్నని స్క్రూడ్రైవర్ ఆనించి, దాని కొనను మెల్లగా లోపలికి పోనిచ్చి చూడు. దొరక్కపోతే ఇంజిన్ దించి బోర్లించాల్సిందే. దొరికేదాకా పని ముందుకు పోకూడదు, నాకు ఒకసారి కేసు పగిలింది.

ఫాతిమానగర్_ఎర్రబండి | బుధవారం ఉదయం 6:15

దొరికింది. లోపల కాదు. రాత్రంతా నిద్ర లేదు నాకు. పొద్దున అమ్మ వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తూ, "ఇదేంది, ముక్కుపుడకనా?" అని తెచ్చి చేతిలో పెట్టింది. గేటు దగ్గర పడిందట, బండికి పది అడుగుల దూరంలో. పిస్టన్ బయటికొచ్చింది, ఇప్పుడు గుడ్డ మీద గుడ్డ కుక్కి ఉంది.

కరీంనగర్_ఏపీ15 | బుధవారం ఉదయం 9:30

తీసిన లాక్‌లు మళ్లీ వాడకు బ్రదర్. కొత్త కిట్‌లో వస్తాయి. వేసేటప్పుడు లాక్ నోరు పిస్టన్‌కున్న గాడి వైపు రాకుండా పైకో కిందికో ఉండాలి. చిన్న ఎండ్ (రాడ్ పై కొస) నీడిల్ బేరింగ్ కూడా కొత్తది వేయి, ఇంత విప్పాక దాని దగ్గర కక్కుర్తి పడకు.

పిస్టన్ విషయంలో జాగ్రత్త. "జపాన్" అని అచ్చుగుద్దిన డబ్బా చూసి ఎగబడకు. బండి 1985లో వచ్చింది, 1996లో ఆగింది. ఇన్నేళ్లకు కూడా ప్రతి షాపులో "ఒరిజినల్ జపాన్ పాత స్టాకు" ఎట్ల మిగిలిందో నాకు అర్థం కాదు. పేరున్న మన దేశపు కంపెనీ పిస్టన్ వేసుకో, సుఖం.

జమ్మికుంట_98సీసీ | బుధవారం ఉదయం 9:41

విప్పిన ఇంజిన్ అయినా తీసుకుంటా అన్నా. ఇన్‌బాక్స్ చూడు.

ఫాతిమానగర్_ఎర్రబండి | శుక్రవారం రాత్రి 9:00

లేత్ షాపుకు పోయొచ్చాను. పెద్దాయన గేజ్ తీయకముందే బ్లాక్‌లో బొటనవేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, "పావుతో పోదు, అర కొట్టాలె" అన్నారు. తర్వాత గేజ్ పెట్టి చూపించారు, ఆయన వేలు చెప్పిందే నిజం. మొదటి ఓవర్‌సైజ్ 50.25కు గీతలు పూర్తిగా పోవు. 50.50 పిస్టన్ కొని ఇచ్చాను.

మిషన్ మీద బ్లాక్ బిగించడానికే అరగంట పట్టింది. బోరు కొట్టడం దానికంటే తొందరగా అయిపోయింది. చివర్లో హోనింగ్ రాళ్లు పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే గోడ మీద సన్నని అడ్డగీతలు వచ్చాయి, చాప అల్లినట్టు. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుందట. పిస్టన్‌కూ గోడకూ మధ్య క్లియరెన్స్ 0.04 మిల్లీమీటర్ల దగ్గర ఉంచానన్నారు. మొత్తం 600 తీసుకున్నారు.

నిట్_హాస్టల్ | శుక్రవారం రాత్రి 9:25

సంతోషించాల్సిన విషయం ఒకటి అన్నా. స్ట్రోకు కూడా 50 మిల్లీమీటర్లే కాబట్టి ఆర్ఎక్స్ 100 పుట్టినప్పుడు 98 సీసీ. 50.50 బోరుతో లెక్క వేస్తే 100.1 వస్తుంది. పేరుకు తగ్గ బండి ఇప్పుడే అయింది.

నర్సంపేట_టూస్ట్రోక్ | శుక్రవారం రాత్రి 9:40

బ్లాక్ గోడలోని హోల్స్ అంచులు వేలితో చూశావా? బోరు కొట్టాక హోల్ అంచు బ్లేడులా ఉంటుంది. అట్లే బిగిస్తే రింగు తట్టుకొని విరుగుతుంది. సన్నని ఆకురాయితో, తర్వాత ఎమరీ పేపర్‌తో, అంచు పదును పోయేంత వరకే రుద్దు. తర్వాత బ్లాక్‌ను సబ్బు నీళ్లతో కడుగు. పెట్రోలుతో కడిగితే హోనింగ్ పొడి పోదు, సర్ఫ్ కావాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. ఆరిన వెంటనే టూటీ ఆయిల్ పూయి, లేకపోతే గంటలో తుప్పు.

హన్మకొండ_సైలెన్సర్ | శుక్రవారం రాత్రి 10:10

నా పేరుకు తగ్గ సలహా నాది. సైలెన్సర్ లోపలి గొట్టం లాగి చూడు, ఎనిమిదేళ్ల మసి ఉంటుంది. కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెడితే ఊడుతుంది. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ నీళ్లలో హెడ్డూ పిస్టనూ వేసేవు సుమా, అల్యూమినియాన్ని తినేస్తుంది. నా మొదటి హెడ్ అట్లనే జల్లెడైంది. హెడ్‌కు వెదురు పుల్ల, ఓపిక చాలు.

ఫాతిమానగర్_ఎర్రబండి | ఆదివారం మధ్యాహ్నం 1:15

అర్జెంట్. బిగిస్తున్నా. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపే పెట్టాను. రింగు గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూశాను, 0.20 పోతోంది, 0.30 పోవడం లేదు. కానీ బ్లాక్ సగం దిగి ఆగిపోయింది. పైనుంచి సుత్తితో ఒక్కటి వేయనా?

ఖని_ఫిట్టర్ | ఆదివారం మధ్యాహ్నం 1:17

సుత్తి దూరంగా పెట్టు! బ్లాక్ పైకి తీయి. రింగు తన పిన్ను మీద లేదు.

ఒక్కో గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు రెండు కొసలు దాని చెరోపక్కకూ రావాలి. నువ్వు బ్లాక్ దించేటప్పుడు రింగు జరిగి పిన్నెక్కి కూర్చుంది. ఒకరు బ్లాక్ పట్టుకోవాలి, ఒకరు రెండు వేళ్లతో రింగు నొక్కి పట్టాలి. ఒంటి చేత్తో కాదు. మీ బాపును పిలువు.

ఫాతిమానగర్_ఎర్రబండి | ఆదివారం మధ్యాహ్నం 2:30

పిలిచాను. కుర్చీ వేసుకొని కూర్చొని, రింగు ఆయనే పట్టుకున్నారు. నేను బ్లాక్ దించాను. వెన్నలోకి దిగినట్టు దిగింది. పై రింగుకు చిన్న గీత పడింది గానీ విరగలేదు, అయినా కొత్త సెట్టు తెచ్చి వేశాను (ఆదివారం షాపు తీయించడానికి పడ్డ పాట్లు వేరే కథ). ప్యాకింగ్‌లు రెండూ కొత్తవి. హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాను. ఆయిల్ బొక్కకు సరైన సీలింగ్ బోల్టు వేశాను. కార్బొరేటర్ రబ్బరు వంచి చూస్తే పగుళ్లు కనిపించాయి, అదీ మార్చాను. పాత పెట్రోలు మొత్తం వంపేసి, కొత్తది లీటరుకు 50 మిల్లీలీటర్ల ఆయిల్‌తో కలిపాను.

సాయంత్రం స్టార్ట్ చేస్తా.

ఫాతిమానగర్_ఎర్రబండి | ఆదివారం సాయంత్రం 6:40

నాలుగో కిక్కుకు పలికింది! వీధంతా పొగ. దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకొని ఎదురింటి వాళ్లు కిటికీలు మూసుకున్నారు. లోపల పూసిన ఆయిల్ కాలేదాకా ఐదు నిమిషాలు అట్లే ఉంది, తర్వాత పలచబడింది. టకటక లేదు. బాపు అరుగు మీద కూర్చొని చెవి ఒగ్గి విని, "ఐడిల్ కొంచెం దించు" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

కరీంనగర్_ఏపీ15 | ఆదివారం సాయంత్రం 7:05

కంగ్రాట్స్! ఇప్పుడే రోడ్డెక్కి ఎగిరిపోకు. ఈ రోజు రెండు మూడు సార్లు కొద్దిసేపు నడిపి, పూర్తిగా చల్లారనివ్వు. రేపు పొద్దున చల్లటి ఇంజిన్ మీద హెడ్ నట్లు మళ్లీ చూడు. మొదటి 500 కిలోమీటర్లు 50 దాటొద్దు. ఒకే థ్రాటిల్‌లో పట్టుకొని పోవద్దు, పెంచుతూ తగ్గిస్తూ పో. హైవే కంటే ధర్మసాగర్ వైపు ఊరి రోడ్లు మంచివి.

నర్సంపేట_టూస్ట్రోక్ | ఆదివారం సాయంత్రం 7:30

నా మాట విని పంపు మళ్లీ పెట్టించుకో. థ్రాటిల్‌ను బట్టి ఆయిల్ ఇవ్వడం దాని పని, కలిపిన పెట్రోలుకు ఆ తెలివి లేదు. వాలులో థ్రాటిల్ మూసి దిగేటప్పుడు నీ కలుపుడు ఇంజిన్‌కు ఆయిల్ సరిగ్గా అందదు.

హన్మకొండ_సైలెన్సర్ | ఆదివారం సాయంత్రం 7:41

ఈ గొడవ ఇక్కడ పదేళ్ల నుంచి తేలలేదు, ఇవాళా తేలదు. నా బండికి 15 ఏళ్లుగా కలిపే పోస్తున్నా, ఏం కాలేదు.

ఖని_ఫిట్టర్ | ఆదివారం రాత్రి 8:00

రెండూ మంచివే. సగం సగం పెట్టుకోవడమే చెడ్డది. పంపు ఉంటే పైపు, కేబుల్ గుర్తు, గాలి తీయడం అన్నీ సరిగ్గా ఉండాలి. పంపు లేకపోతే ట్యాంకు ఖాళీగా ఉండాలి, చూసినోడు మోసపోకుండా.

ఫాతిమానగర్_ఎర్రబండి | ఐదు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:15

అప్‌డేట్. 540 కిలోమీటర్లు అయింది. నిన్న ప్లగ్గు తీసి చూశాను, ఇటుక రంగు. మొదట్లో తడిగా నల్లగా ఉండేది, ఆయిల్ 40 మిల్లీలీటర్లకు తగ్గించాక సరైంది. ఈ రోజు పొద్దున బాపును వెనక కూర్చోబెట్టుకొని రామప్పకు పోయొచ్చాను, ఒకవైపు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ములుగు దగ్గర టీకి ఆగాం, ఇంజిన్ కాస్త చల్లారేదాకా. నడుములు ఆయనవీ నావీ పట్టేశాయి, పిస్టన్ పట్టేయలేదు.

పంపు ప్రస్తుతానికి పెట్టించలేదు. ఆయిల్ ట్యాంకు ఖాళీ చేసి కడిగాను. మూత మీద బాపు తెల్ల పెయింటుతో రాశారు: "ఇందులో ఏం లేదు. పెట్రోల్‌ల కలుపు."

జమ్మికుంట తమ్ముడూ, నీ ఏడో మెసేజ్ చూశాను. రేటు నేను చెప్పలేను, బాపునే అడుగు. వాకిట్లోనే ఉన్నారు, బండి తుడుస్తున్నారు. చేతిలో 14 నంబరు పానా కూడా ఉంది.